మేనేజరును మార్చు విధానము (ఎనిమిదో సవరణతో సహా)

మానవజాతి ఇంతవరకూ నెలకొల్పిన వ్యవస్థలన్నిటిలోకీ మహోన్నతమైనది ఫుట్‌బాల్ మేనేజర్ పదవి. పదకొండు మంది ఆడతారు, ఒకడు ఓడిపోతాడు. ఆ ఒక్కడూ ఆట మొత్తం మీద బంతిని కాలితో ముట్టుకోడు. (ముట్టుకుంటే రిఫరీ ఊరుకోడు.) గెలిస్తే కుర్రాళ్లు బ్రహ్మాండంగా ఆడారంటాం, ఓడితే వీడికి ఆడించడం చేతకాలేదంటాం. ప్రభుత్వాలకూ కంపెనీలకూ సంసారాలకూ ఇంత చక్కటి ఏర్పాటు ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇంగ్లండులో మిగతా ఊళ్లలో మేనేజర్‌ని ఎవరో ఒక ఆసామి పడవలో కూర్చుని ఫోన్ చేసి తీసిపారేస్తాడు. మా ఏకెన్‌షాలో అలాంటి అనాగరికపు పనులు జరగవు. ఏకెన్‌షా రోవర్స్ క్లబ్బు అభిమానుల సొంతం. పై నుంచి లెక్కపెడితే ఆరో డివిజన్‌లో, ఆ డివిజన్‌లో కింది నుంచి లెక్కపెడితే రెండో స్థానంలో ఉంటాం. సభ్యులం పన్నెండు వందల మందిమి. తలా ఒక వాటా, తలా ఒక ఓటు, తలా ఒక అభిప్రాయం. (కొందరికి రెండు.) అందరి తరఫునా నిర్ణయాలు తీసుకునేది తొమ్మిదిమంది కమిటీ. దానికి పద్నాలుగేళ్లుగా కార్యదర్శిని నేను. సమావేశంలో ఎవరేమన్నారో రాసేది నేనే కాబట్టి, ఈ క్లబ్బు చరిత్రలో నేనొక్కణ్ణే ఇంతవరకూ తెలివితక్కువ మాట అనలేదు.

మా విధానం సంగతి చెబుతాను. స్టాండ్‌లో కూర్చుని "వీణ్ణి తీసెయ్యండిరా" అని అరిస్తే మా నియమావళి దాన్ని గుర్తించదు. అరిచిన డెబ్బై రెండు గంటల్లోగా ఎం-7 ఫారం నింపాలి. ఏ నిమిషంలో ఏ మార్పు నచ్చలేదో, అది నచ్చలేదని ఆ నిమిషంలోనే అనిపించిందా లేక ఇంటికి వెళ్లాక అనిపించిందా రాయాలి. వరసగా ఐదు ఓటములు, వంద ఫారాలు పోగైతే తప్ప కమిటీ సమావేశంలో మేనేజర్ పేరు ఎత్తకూడదు. అప్పటిదాకా "సదరు వ్యక్తి" అనాలి.

పోయిన అక్టోబరులో సదరు వ్యక్తి పేరు నెవిల్ ఆర్మరాడ్.

నెవిల్ మా ఊరివాడే. పగలు బిస్కెట్ ఫ్యాక్టరీలో షిఫ్టు, సాయంత్రాలు మా జట్టుకి మేనేజర్. అంతకు ముందు తొమ్మిదేళ్లు మా రైట్ బ్యాక్, అంటే కుడివైపు అవతలివాళ్లని అడ్డుకునేవాడు. ఆ తొమ్మిదేళ్లలో స్టాండ్ ఒక్కసారి కూడా అతని పేరు పెట్టి పాడలేదు. గోల్ కొట్టేవాళ్లకి పాటలున్నాయి, గోల్‌కీపర్లకి పాటలున్నాయి, ఒకసారి మైదానంలోకి దూరిన కుక్కకి కూడా పాట కట్టారు. రైట్ బ్యాక్‌కి ఎవడు కడతాడు? ఈ మాట నాకు చెప్పింది అతని తల్లి ఎడ్నా. జి వరసలో పన్నెండో సీటు ఆవిడది. డెబ్బై తొమ్మిదేళ్లు, జీవిత సభ్యురాలు, కమిటీలో అందరికంటే ముందు చేరిన మనిషి.

"ఒక్కసారి వాడి పేరు స్టాండంతా పాడితే విని పోవాలని ఉంది నాయనా" అందావిడ ఓ రోజు, టీ కప్పులు కడుగుతూ. "పెద్ద కోరికేం కాదు కదా."

పెద్దది కాదనే అన్నాను. అప్పటికి మూడు మ్యాచ్‌లే ఓడాం.

ఐదో ఓటమి తరువాత నూట పద్నాలుగు ఫారాలు వచ్చాయి. అందులో తొమ్మిది చెల్లవు, ఆ తొమ్మిదీ తీసెయ్యమన్నది రిఫరీని. ఒక ఫారం ఎడ్నా చేతిరాతలో ఉంది. ఫిర్యాదు గడిలో "డెబ్బయ్యో నిమిషం దాకా ఒక్కణ్ణీ మార్చలేదు" అని, ఇతర సూచనల గడిలో "మఫ్లర్ చుట్టుకోమని చెప్పండి" అని రాసి ఉంది. నియమం ప్రకారం రెండు సూచనలూ మేనేజర్‌కి పంపాను.

మంగళవారం సాయంత్రం ఆరింటికి క్లబ్బు మేడమీద గదిలో సమావేశం. చైర్మన్ రోలాండ్ గ్రీన్‌హాల్ ముప్పై ఏళ్లు పురపాలక సంఘం పార్కింగ్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఎంతటివాడైనా సరే, గీత దాటితే చీటీ రాసేస్తాడు. ఆయన మొదట ప్రయోజనాల ప్రకటన పత్రం అందరికీ పంచాడు. సదరు వ్యక్తితో మనకు సంబంధం ఉంటే టిక్కు పెట్టాలి.

"ఇందులో భార్య అని ఉంది, వ్యాపార భాగస్వామి అని ఉంది, పందేలు కాసేవాడు అని ఉంది" అంది ఎడ్నా కళ్లజోడు సవరించుకుంటూ. "తల్లి అని లేదే?"

రోలాండ్ పత్రం అటూ ఇటూ తిప్పి చూశాడు. "గడి లేదు కాబట్టి సంబంధం లేనట్టే లెక్క, ఎడ్నా గారూ."

"కన్నాను బాబూ వాణ్ణి."

"అది ఫారంలో రాదండీ."

చర్చ మొదలైంది. మొదట లేచింది బెర్నార్డ్. ఎనభై రెండేళ్ల బెర్నార్డ్ మేనేజర్ ఎవరున్నా, ఎప్పుడు అడిగినా ఒకే పరిష్కారం చెబుతాడు. "పాత మేనేజర్ హెక్టర్ బ్లైత్‌ని వెనక్కి పిలవండి."

"ఆయన పోయి పదకొండేళ్లయింది కదయ్యా" అన్నాడు రోలాండ్.

"అయితే ఖాళీగానే ఉన్నాడుగా!"

(అభ్యర్థి అందుబాటు గురించి భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయని రాసుకున్నాను.)

తరువాత డంకన్. డంకన్ బస్సు డ్రైవరు. కంప్యూటర్ ఆటలో మా రోవర్స్‌ని రెండుసార్లు యూరప్ విజేతగా నిలబెట్టినవాడు. ఆ అనుభవం వల్ల అతని మాటకి కమిటీలో బరువుంది. "నా ఆటలో ఐస్‌లాండ్ ఆయన ఒకడున్నాడు. వచ్చిన మొదటి సీజన్‌లోనే కప్పు కొట్టించాడు. కావాలంటే చూపిస్తా, సేవ్ చేసి పెట్టుకున్నా."

"మనిషి నిజంగా ఉన్నాడా?"

"ఆటలో అయితే ఉన్నాడు."

"నెవిల్‌కి ఇంకో నెల టైమిస్తే?" అని ఎవరో నసిగారు. గదిలో ఇబ్బందిగా దగ్గులు వినిపించాయి. ఓపిక పట్టడం మా నియమావళిలో ఎక్కడా లేదు.

ఓటింగుకి ముందు ఎడ్నా లేచింది. అందరం బల్లకేసి చూస్తూ కూర్చున్నాం. కన్నతల్లి ముందు కొడుకుని తీసెయ్యడం ఎంత పద్ధతిగా చేసినా సిగ్గుగానే ఉంటుంది.

"మావాడు మంచోడు నాయనా" అంది. "కానీ డెబ్బయ్యో నిమిషం దాకా ఒక్కణ్ణీ మార్చడు. ఆ కార్నర్ కిక్కులేంటి, ఆ నిలబడ్డమేంటి! తప్పుని తప్పనకపోతే నేను మేనేజర్ తల్లిని మాత్రమే అవుతాను, రోవర్స్ మనిషిని కాను." చెయ్యెత్తేసింది. ఎత్తేటప్పుడు కళ్లు మూసుకుంది. అది మాత్రం నేను రాసుకోలేదు.

తొమ్మిదికి తొమ్మిది. నెవిల్ ఆర్మరాడ్‌ని తొలగించడమైనది.

ఇక రెండో అంశం, కొత్త మేనేజర్. ఎనిమిదో సవరణ ప్రకారం అభ్యర్థుల పేర్లు మాకు కనిపించకూడదు. మూడేళ్ల కిందట ఒకప్పటి గొప్ప ఆటగాడి పేరు చూసి ఎగిరి గంతేసి ఒకాయన్ని పెట్టుకున్నాం. తీరా చూస్తే అదే పేరున్న ఈత మాస్టారు. ఏడు వారాలు ఉన్నాడు. మా కుర్రాళ్లకి ఊపిరి బిగబట్టడం ఇప్పటికీ బాగా వచ్చు. అప్పట్నుంచీ ఐదో ఓటమి నమోదు కాగానే మా వెబ్‌సైటు దానంతటదే ప్రకటన వేస్తుంది, దరఖాస్తులు తీసుకుంటుంది, పేర్లు దాచేసి ఏ, బి, సి అని అక్షరాలు తగిలిస్తుంది. ఓటింగు అయ్యాక మీట నొక్కితేనే పేరు బయటపడుతుంది. మనిషి మొహం చూడకుండా మనిషిని ఎంచుకునే ఈ పద్ధతి మీద రోలాండ్‌కి ఎంత గర్వమో చెప్పలేను.

మూడు దరఖాస్తులు వచ్చాయి. నేనే చదివి వినిపించాను.

'ఏ' అభ్యర్థి నాలుగు దేశాల్లో పనిచేశాడు, ఎక్కడా అతన్ని క్రిస్మస్ దాకా ఉంచుకోలేదు. బి అభ్యర్థి "ఫుట్‌బాల్ ఒక సంభాషణ, బంతి అందులో ఒక ప్రశ్న" అని రాశాడు. డంకన్‌కి నచ్చింది. బెర్నార్డ్ మాత్రం, "మనవాళ్లు ఆ ప్రశ్నని ఎప్పుడూ అవతలాణ్ణే అడుగుతారు" అన్నాడు.

సి అభ్యర్థి దగ్గర ఆగాల్సి వచ్చింది. "మా జట్టులో మీరు గమనించిన లోపాలు" అనే గడి నిండిపోయి, వెనక పేజీలోకి కూడా వెళ్లింది.

"కార్నర్ కిక్ పడేటప్పుడు జట్టులో ఆరుగురు ఒకే చోట నిలబడతారు" అని చదివాను. "వాన పడితే ఉత్తరం వైపు గోలు ముందు నీళ్లు నిలుస్తాయి. అక్కడ చిన్న పాసులు పనికిరావని తెలిసి కూడా మేనేజర్ అవే వేయిస్తున్నాడు. డెబ్బయ్యో నిమిషం దాకా ఎవర్నీ మార్చడు. బయటికి వచ్చే కుర్రాడి మొహం చూడలేడు కాబట్టి మార్చడు. అతను దాన్ని దయ అనుకుంటున్నాడు. అది పిరికితనం."

గదిలో నిట్టూర్పులు.

"వీడయ్యా మనిషంటే!" బెర్నార్డ్ బల్ల గుద్దాడు. "ఆ ఆర్మరాడ్‌ని ఉతికి ఆరేశాడు!"

"మన మ్యాచ్‌లన్నీ చూసినట్టున్నాడే" అన్నాడు డంకన్.

"చూడ్డం కాదు, కడుపులో పెట్టుకుని చూశాడు" అన్నాడు రోలాండ్. పార్కింగ్ శాఖ మనిషి నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

చివరి ప్రశ్న, "ఈ పదవి ఎందుకు కోరుతున్నారు?" సి అభ్యర్థి జవాబు రెండే వాక్యాలు. "ఏడో ఏట మొదటిసారి ఈ స్టాండ్‌లో కూర్చున్నాను. ఆ తరువాత ఇంకెక్కడా ఉండాలనిపించలేదు."

ఎడ్నా టీ కలుపుతూనే ఉంది. చక్కెర వేసుకోని మనిషి అంతసేపు ఏం కలిపిందో నాకు అప్పుడు తట్టలేదు. ఓటింగుకి పెట్టగానే అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆవిడే. ఈసారి కళ్లు మూసుకోలేదు.

తొమ్మిదికి తొమ్మిది. రోలాండ్ లేచి నిలబడి మీట నొక్కాడు. గోడమీది తెరపై పేరు వచ్చింది. నెవిల్ ఆర్మరాడ్, టానరీ వీధి, ఏకెన్‌షా.

కింద క్యాంటీన్‌లో చిప్స్ వేగడం మేడమీదికి వినపడింది.

"యంత్రం చెడిపోయిందేమో" అన్నాడు డంకన్. నేను ఇంకోసారి నొక్కాను. యంత్రం బాగానే ఉంది.

రోలాండ్ నెవిల్‌కి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు. "మిస్టర్ ఆర్మరాడ్, మీరు దరఖాస్తు పెట్టారా?"

"పెట్టానండీ. ప్రకటన నా ఫోన్‌కి వచ్చింది కదా, 'ఈ పదవిపై ఆసక్తి గలవారందరూ' అని. నాకు ఆసక్తి ఉందండీ. మా ఫ్యాక్టరీలో రెండేళ్లకోసారి ఇంతే కదా. పునర్వ్యవస్థీకరణ అంటారు, ఎవడి ఉద్యోగానికి వాడే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఇదీ అలాంటిదే అనుకున్నా. పోయినసారి బిస్కెట్ల దగ్గర నాకు రాలేదు కూడా, నా ఉద్యోగం. క్రీమ్ సెక్షన్‌లోకి వేశారు."

ఎవరికీ నవ్వు రాలేదు. ఆ గదిలో సగం మందిమి ఏదో ఒక ఏడాది అలాంటి ఫారం నింపినవాళ్లమే.

"ఇంతకీ నన్ను తీసేశారా, పెట్టుకున్నారా?"

"రెండూ" అన్నాడు రోలాండ్. "అదే వరసలో."

"అమ్మ ఉందా అక్కడ?"

"ఉన్నాన్రా. రెండింటికీ చెయ్యెత్తాను. మఫ్లర్ చుట్టుకున్నావా?"

ఫోన్ పెట్టేశాక రోలాండ్ మమ్మల్ని ఒక్కటే అడిగాడు. పద్ధతి ప్రకారం జరిగిందా, లేదా? జరిగింది. ఏకగ్రీవ తీర్మానాన్ని మళ్లీ ఐదు ఓటములు పడేదాకా తిరగదోడకూడదని మూడో సవరణ. పైగా రెండు ఏకగ్రీవ తీర్మానాలు ఒకే సాయంత్రం రావడం క్లబ్బు చరిత్రలో మొదటిసారి. వాటిని పాడు చేసుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు.

అంచేత శుక్రవారం సాయంత్రం ఐదింటికి నెవిల్‌కి వీడ్కోలు. గోడ గడియారం బహూకరించాం. శనివారం ఉదయం తొమ్మిదింటికి నెవిల్‌కి స్వాగతం. మెడలో క్లబ్బు కండువా వేసి ఫోటో తీశాం. మధ్యలో పదహారు గంటలు నియమం ప్రకారం తాత్కాలిక మేనేజర్‌ని నేను. (మ్యాచ్‌లు సున్నా, ఓటములు సున్నా. రోవర్స్ చరిత్రలో ఓటమి ఎరగని మేనేజర్ నేనొక్కణ్ణే. ఈ విషయం ఎవరూ గుర్తుచేయరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.) వెళ్లిపోయే మేనేజర్ వచ్చే మేనేజర్‌కి ఒక ఉత్తరం రాసి పెట్టాలన్నది మా ఆచారం. నెవిల్ శుక్రవారం రాసి నాకిచ్చాడు, శనివారం నేను నెవిల్‌కి ఇచ్చాను. నిలబడి మొత్తం చదివాడు. "కుర్రాళ్లు మంచివాళ్లు. వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. తప్పంతా నాది" అని ఉంది అందులో. మడిచి జేబులో పెట్టుకుని, "పాపం" అన్నాడు.

రికార్డు పుస్తకంలో ఇద్దరినీ విడిగా రాయాలి కాబట్టి మొదటి ఆర్మరాడ్, రెండో ఆర్మరాడ్ అని రాశాను. రాజులకి రాసినట్టు. వెబ్‌సైటులో పాతవాడి ఫోటో కింద "పీడ విరగడైంది" అని వ్యాఖ్యలు, కొత్తవాడి ఫోటో కింద "కళ్లలోనే కసి కనిపిస్తోంది" అని వ్యాఖ్యలు. రెండూ ఒకే మనిషి ఫోటోలని ఊళ్లో తెలియనివాళ్లు లేరు. కానీ కొత్త మేనేజర్ మీద ఆశ పెట్టుకోవడం అభిమాని హక్కు. మొహం పాతదైనంత మాత్రాన ఆ హక్కు పోదు కదా.

ఆ మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్. మూడు-ఒకటితో గెలిచాం. ఆడింది అదే పదకొండు మంది. కార్నర్ల దగ్గర ఆరుగురూ అదే చోట నిలబడ్డారు. బంతి ఒకడి వీపుకి తగిలి లోపలికి పోయింది. డెబ్బయ్యో నిమిషం దాకా ఒక్క మార్పూ లేదు.

"చూశావా ఆ నిబ్బరం!" అన్నాడు బెర్నార్డ్ నా భుజం కుదిపేస్తూ. "ఆ ఆర్మరాడయితే ఈపాటికి కంగారుపడి చచ్చేవాడు."

"ఇతనూ ఆర్మరాడే కదయ్యా."

"ఇతను రెండోవాడు" అన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

తరువాత నాలుగు ఓడాం. నిబ్బరం కాస్తా మొండితనం అయింది. కళ్లలో కసి పోయి నిద్రలేమి కనిపించింది. మూడో ఓటమి నాటికి స్టాండ్‌లో మొదటి ఆర్మరాడ్‌ని తలుచుకోవడం మొదలైంది. మొదటాయన కుర్రాళ్లని కన్నబిడ్డల్లా చూసుకునేవాడట. మొదటాయన హయాంలో కనీసం మర్యాదగా ఓడేవాళ్లమట. ఈ రెండోవాడికి ఊరంటే ఏం తెలుసని డంకన్ అడిగాడు. బెర్నార్డ్ అయితే ఏకంగా హెక్టర్ బ్లైత్‌ని మొదటి ఆర్మరాడ్ కింద రెండో స్థానానికి దించేశాడు. చచ్చిపోయినవాళ్లలో కూడా ఎవరూ ఎరగని అవమానం అది.

ఐదో మ్యాచ్ నవంబరు ఆఖరి శనివారం. ముసురు. ఉత్తరం వైపు గోలు ముందు నీళ్లు నిలిచాయి, చిన్న పాసులు ఆ నీళ్లలో ఆగిపోయాయి. మూడు గోల్స్ పడ్డాయి, మూడూ మా మీదే. అరవయ్యో నిమిషంలో తూర్పు మూల ఎవరో గొంతెత్తారు. పక్కవాళ్లు అందుకున్నారు. చూస్తుండగానే స్టాండంతా లేచి నిలబడి చప్పట్లు చరుస్తూ పాడింది.

"మొదటోడే కావాలీ! ఆర్మరాడే రావాలీ! ఓ నెవిల్, మా నెవిల్, తిరిగి రావయ్యా నెవిల్!"

నెవిల్ గీత దగ్గర, పదడుగుల దూరంలో, వానలో నిలబడి ఉన్నాడు. మఫ్లర్ చుట్టుకున్నాడు. చేతులు జేబుల్లో. వెనక్కి తిరిగి చూడలేదు. ఎవర్నీ మార్చనూ లేదు.

నేను జి వరసకేసి చూశాను. అందరూ నిలబడ్డారు, ఎడ్నా ఒక్కతే కూర్చుని ఉంది. కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది. తుడిచిందే తుడుస్తోంది. దగ్గరికి వెళితే నా చెయ్యి పట్టుకుంది.

"పాడారు నాయనా, పేరు పెట్టి" అంది. "వాడికి వినపడిందంటావా?"

వినపడే ఉంటుందన్నాను. ఆ కాసేపూ నేను కార్యదర్శిగా లేను, ఆ స్టాండ్ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. అందులో నా గొంతు కూడా ఉంది. అందుకు ఇంకా కోపం వచ్చింది.

సోమవారానికి రెండువందల ఆరు ఫారాలు వచ్చాయి, అన్నీ చెల్లాయి. ఎవరూ రిఫరీ పేరు రాయలేదు. ప్రతిపాదిత మేనేజర్ గడిలో నూట తొంభై మంది మొదటి ఆర్మరాడ్ అని రాశారు. మాజీ మేనేజర్‌ని వెనక్కి పిలవాలంటే ముందుగా లిఖితపూర్వకంగా సంప్రదించాలని ఐదో సవరణ. పద్ధతి ప్రకారం నెవిల్‌కి ఉత్తరం రాశాను. పద్ధతి ప్రకారం జవాబు వచ్చింది, గుండ్రటి అక్షరాల్లో, బిస్కెట్ ఫ్యాక్టరీ కాగితం మీద. మంగళవారం సమావేశంలో చదివి వినిపించాను.

"మీ అభిమానానికి కృతజ్ఞుణ్ణి. కానీ ఆ పదవిలో ఇంకొక మనిషి ఉండగా దాని గురించి మాట్లాడటం నాకు మర్యాద అనిపించదు. అతని ప్రయత్నం అతను చేస్తున్నాడు. ఈ వారాల్లో అతనికి ఇంటికెళితే అన్నం సయించడం లేదని నాకు తెలుసు. కొంచెం టైమివ్వండి."

ఇంతటి పెద్దమనిషిని చేజేతులా పోగొట్టుకున్నామే అని కమిటీ పది నిమిషాలు బాధపడింది. ఆ తరువాత, ఇప్పుడున్నవాణ్ణి తీసేసే అంశంలోకి వెళ్లాం.